బొమ్మలో లేని మనిషి

జూన్ 9

అన్నయ్యకి,

నేనిక్కడ కులాసా. నువ్వక్కడ కులాసాగా లేవని తెలుసు కాబట్టి ఆ ముక్క అడగను. పిన్నికి నా నమస్కారాలు చెప్పు. చెప్పవని కూడా తెలుసు. ఈ ఉత్తరం నీ దిండు మీద పెట్టేది పిన్నే కనక, ఆమే చదువుకుని పుచ్చుకుంటుంది.

ఫోన్ చేస్తే ఒక "ఊ" అంటావు, కాసేపాగి ఇంకో "ఊ" అంటావు, ఆ తర్వాత ఫోన్ పిన్ని చేతికి పోతుంది. అందుకే ఉత్తరం. దీన్ని పిన్ని చేతిలో పెట్టేసి గోడవైపు తిరిగి పడుకోవడం కుదరదు. పని ఉంది నీతో.

ముందు వార్త. పరీక్ష తప్పాను. ఈ గాజు ఫ్యాక్టరీలో సీసాలు ఏరే బల్ల దగ్గర్నుంచి కదిలి, సాయంత్రం పూట యంత్రాల కోర్సులో చేరాలంటే ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కాలని నీకు చెప్పాను కదా. వినడం, చదవడం, మాట్లాడడం మూడూ గట్టెక్కాయి. రాయడం దగ్గర బోల్తా పడ్డాను. అందులో మొదటి ప్రశ్నకి ఒక బొమ్మ ఇస్తారు. గ్రాఫు కావచ్చు, ఇంటి ప్లాను కావచ్చు, ఏదైనా వస్తువు ఎలా తయారవుతుందో బాణాలు గీసి చూపించొచ్చు. ఆ బొమ్మ చూడని మనిషికి అర్థమయ్యేలా దాన్ని మాటల్లో చెప్పాలి. అంతే పని.

నాకు ఏ బొమ్మ వచ్చిందో తెలుసా? వాడేసిన గాజు సీసాలు మళ్లీ కొత్త సీసాలు ఎలా అవుతాయో ఆ బొమ్మ! పేపరు తిప్పగానే పకాలున నవ్వబోయి నోరు మూసుకున్నాను. ఇది నా బతుకు కదా, దీన్ని నాకంటే బాగా ఎవడు రాస్తాడు అనుకున్నాను. రాశాను. సీసాల అడుగున పులిసిన రసం కంపు రాశాను. గ్లౌజు చిరిగిందని చెబితే, కొత్తది ఇవ్వడం మానేసి ఈల వేసుకుంటూ పోయే మా సూపర్‌వైజరు గురించి రాశాను. వాడికి మేం పెట్టుకున్న పేరే ఈలగాడు. కొలిమి పక్కన నిలబడితే రెప్పలు ఎలా ఎండిపోతాయో కూడా రాశాను. కాగితం చాలలేదు. టైమూ చాలలేదు. బొమ్మలో ఎంచక్కా ఉన్న కడిగే దశని మాత్రం శుభ్రంగా మర్చిపోయాను.

సాయంత్రం క్లాసు చెప్పే టీచరమ్మ అదే జవాబు మళ్లీ రాయించుకుని చదివింది. కళ్లజోడు తీసి, బాగా రాశావమ్మా, కానీ ఇదంతా బొమ్మలో ఎక్కడుందీ అంది. చూస్తే నిజంగానే లేదు అన్నయ్యా. ఆ బొమ్మలో మనిషన్నవాడే లేడు. బాణాలే మోస్తాయి, బాణాలే కడుగుతాయి, బాణాలే కరిగిస్తాయి. మరి నేనెక్కడున్నానండీ అని అడిగాను. నువ్వు లేవు, లేనిది రాయకు, ఉన్నది వదలకు, ఈ పరీక్షకి అంతే, అంది. ఒళ్లు మండిపోయింది. తలుపు ధడేలుమనిపించి వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లాను, వెళ్లక చస్తానా.

అప్పుడు ఆమె ఒక ఉపాయం చెప్పింది. నువ్వు రాసింది ఆ బొమ్మ చూడని మనిషికి ఇవ్వు, చదివి బొమ్మ గీయమను, అది అసలు బొమ్మలా వచ్చిందంటే నీ రాత సరిగ్గా ఉన్నట్టు, రాలేదంటే ఎక్కడ తప్పావో కంటికే కనబడుతుంది, అంది.

బొమ్మ గీయగల మనిషి నాకు ఒక్కడే తెలుసు. సగం బజారుకి బోర్డులు రాసినవాడు. నిచ్చెన మీంచి పడ్డాక బ్రష్షుల సంచిని మంచం కిందకి తోయించేసినవాడు. ఇంగ్లిష్ కూడా నాకంటే ఎక్కువే చదివినవాడు.

సీసాల బొమ్మ మీద కొత్తగా రాసిన జవాబు విడి కాగితంలో పెట్టాను. గీసి పంపు. జాలిపడి గీయక్కర్లేదు, నా కోసం సర్దిపెట్టనూ వద్దు. నేను తప్పు రాస్తే నువ్వు తప్పుగానే గీయి.

నా దగ్గరికి వచ్చెయ్యమని అడిగితే, నీ మేడ మెట్ల మీద నన్ను బస్తాలా మోస్తావా అన్నావు. ఆ మాట నాకింకా గొంతు దిగలేదు. దాని సంగతి తర్వాత చూస్తాను.

నీ
కస్సుబుస్సు


జూలై 2

అన్నయ్యకి,

నీ బొమ్మ అందింది. నా క్షేమం ఎలా ఉందంటే, నవ్వి నవ్వి డొక్కలు నొప్పిగా ఉన్నాయి.

ఫ్యాక్టరీలో టిఫిన్ వేళ కవరు చింపాను. సీసాలు ఇంటి నుంచి లారీకి వెళతాయి అని రాసింది నేనే. ఎవరు తీసుకెళ్తారో రాయలేదు. నువ్వేమో ఆ సీసాలన్నిటికీ కాళ్లు పెట్టి, వరసలో నిలబెట్టి, లారీ దాకా నడిపించావు! ఆఖర్న ఒక పొట్టి సీసా మూత చేత్తో పట్టుకుని పరుగెడుతోంది. అది అచ్చం నేనే, బస్సు తప్పిపోతుంటే అలాగే పరుగెడతాను. ఈలగాడు వచ్చి ఏంటా నవ్వు అన్నాడు. సీసాలు సమ్మె చేస్తున్నాయి సార్ అన్నాను. ఈల ఆగిపోయింది.

ఇంకో తప్పు కూడా పట్టించావు. అసలు బొమ్మ గుండ్రంగా ఉంటుంది. కొత్త సీసా కొట్టుకి వెళ్లి, ఇంటికి వెళ్లి, మళ్లీ ఏరే బల్లకే వస్తుంది. ఆ సంగతి నేను ఎక్కడా చెప్పలేదు. అందుకని నువ్వు అన్నీ ఒకే గీతలో పెట్టుకుంటూ వెళ్లి, కాగితం అయిపోతే దాని వెనక్కి కూడా వెళ్లిపోయావు. కింద బోర్డు అక్షరాలతో ఒక్క ముక్క రాశావు: "ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పి చావు."

చెప్పి చస్తాను. టీచరమ్మ కూడా అదే అంది, చావమనకుండా. మొదటి వాక్యంలో అసలిది దేని బొమ్మో చెప్పాలిట. రెండో వాక్యంలో మొత్తం ఎన్ని దశలో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, చక్రంలా తిరుగుతుందో లేదో చెప్పాలిట. ఆ తర్వాతే ఒక్కో దశ. నువ్వు ఆ తిట్టు తిట్టకపోతే నా బుర్రకి ఎక్కేది కాదు.

పిన్ని ఫోన్‌లో అంతా చెప్పింది. మొదట కాగితాన్ని ఉండచుట్టి విసిరేశాడే, నేనే సాపుచేసి మళ్లీ దిండు కింద పెట్టాను, అంది. రెండు పూటలు అది అక్కడే ఉందట. ఆ తర్వాత ఉన్నట్టుండి, ఈ పెన్సిల్ చెక్కిందెవరు పిన్నీ, ఉడికిన పప్పులో కూడా దిగదు ఇది, అన్నావట. ఇన్నాళ్లలో నీ నోట్లోంచి వచ్చిన అంత పెద్ద మాట అదేనట. పిన్ని ఏడుస్తూ చెప్పింది. నేను ఏడవలేదు. కంట్లో గాజు పొడి పడింది, ఫ్యాక్టరీలో ఉన్నాను కదా.

నాకు కోపం తెప్పించింది ఇంకొకటి. నిన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి, కాళ్లు పోయాయి, పని పోయింది, పెళ్లి ఇంకేం అవుతుంది, అని నీకు వినబడేలా మాట్లాడుతున్నారట. వాళ్లందర్నీ తీసుకొచ్చి మా టీచరమ్మ ముందు కూర్చోబెట్టాలి. లేనిదంతా ఏకరువు పెడతారు, ఉన్నది ఒక్కటీ చెప్పరు. ఆ కన్ను చెప్పరు, ఆ చెయ్యి చెప్పరు, ఆ పొట్టి సీసా మూత చెప్పరు. అందరికీ సున్నా వేస్తుంది.

సరే, కోపం ఆపుతున్నాను. ఈసారి గ్రాఫు పంపుతున్నాను. రెండు గీతలు, ఒకటి బస్సెక్కే జనం, ఒకటి సైకిలు తొక్కే జనం. పెన్సిల్ నువ్వే చెక్కుకో.

నీ
కస్సుబుస్సు


ఆగస్టు 24

అన్నయ్యకి,

నేను కులాసాగా ఉన్నాను, ఈసారి నిజంగానే. నువ్వు మంచం దిగి కుర్చీలో కూర్చుంటున్నావని పిన్ని చెప్పింది. అంతకంటే ఎక్కువ చెప్పొద్దని నువ్వు కళ్లెర్రజేశావట, అదీ చెప్పింది.

పరీక్ష గట్టెక్కాను. కావలసినంత మార్కే వచ్చింది, ఆవగింజంత కూడా ఎక్కువ రాలేదు. చాలు. వచ్చే నెల నుంచి కోర్సు. ఈలగాడికి చెబితే, అయితే బల్ల దగ్గర ఎవరు నిలబడతారు అని దిగాలుపడ్డాడు. బాణాన్ని నిలబెట్టుకోండి సార్ అన్నాను. వాడికి అర్థం కాలేదు, నీకవుతుంది.

ఈసారి పరీక్షలో బొమ్మ ఏమిటంటే, ఒక గ్రంథాలయం పాత ప్లాను, కొత్త ప్లాను. ఏది మారింది, ఏది మారలేదు, ఏది ఎక్కడికి జరిగింది, అది రాయాలి. పేపరు చూడగానే నువ్వు నా ఎదురుగా కూర్చుని పెన్సిల్ నాలిక మీద ఆనించుకుంటున్నట్టే అనిపించింది. ఉత్తరాన అని రాయకపోతే తలకిందులుగా గీసి పెడతాడు వీడు, అనుకుంటూ ప్రతి వాక్యం రాశాను. గ్రాఫు సంగతి మరిచిపోతానా! బస్సు ప్రయాణికులు దారుణంగా పడిపోయారు అని రాసిన పాపానికి, నువ్వు బస్సుని కొండ మీంచి తోసేశావు. లోపల జనం పేపరు చదువుకుంటూనే ఉన్నారు. దారుణం అనేది నా ఏడుపు, గ్రాఫులో లేదు. ఎంత నుంచి ఎంతకి తగ్గారో అది ఉంది, దాన్నే వదిలేశాను. టీచరమ్మ ఆ బొమ్మని క్లాసు గోడకి అంటించింది. కొత్తగా చేరినవాళ్లకి అదే మొదటి పాఠం. ఈ ఆర్టిస్టు ఎక్కడుంటాడని అడుగుతున్నారు. చూద్దాం, ఇక్కడికే వస్తాడేమో అని చెప్పాను.

ఇక పుస్తకంలో చివరి బొమ్మ ఒకటి మిగిలిపోయింది. పరీక్ష అయిపోయాక ఎందుకే అంటావు. మొదలుపెట్టిన పుస్తకం సగంలో వదలకూడదని చిన్నప్పుడు నా చెవి మెలేసింది ఎవరు? నా ఇంగ్లిష్ బాగాలేదన్న వంక పెట్టకుండా ఉంటావని తెలుగులోనే రాస్తున్నాను. కింద నా సంతకం దాకా చదివి, గీసి, ఆ తర్వాతే కాగితం వెనక్కి తిప్పు. ఒట్టు.

ఇది ఒక చిన్న ఇంటి ప్లాను. ముందు ఒక గది, వెనక వంటిల్లు, వంటిల్లు పక్కన స్నానాల గది. ఇల్లంతా నేల మీదే ఉంది, పైన మేడ లేదు. వీధి బొమ్మకి కిందివైపు ఉంది. వీధి నుంచి గుమ్మం దాకా మెట్లు లేవు. వాటి చోట సిమెంటుతో వాలుగా ఉన్న దారి ఉంది, దానికి రెండు పక్కలా ఇనుప కమ్మీలు ఉన్నాయి. ఏ గుమ్మానికీ గడప లేదు. తలుపులు మామూలుకంటే వెడల్పు. స్నానాల గదిలో గోడకి కూడా ఒక కమ్మీ ఉంది.

ముందు గదిలో రెండు మంచాలు. ఒకటి ఎడమ గోడకి ఆనుకుని ఉంది. రెండోది గది మధ్యకి, కిటికీకి దగ్గరగా ఉంది, ఏ గోడకీ ఆనలేదు. కిటికీ కుడివైపు గోడకి ఉంది, పెద్దది, ఓరగా వీధి కనబడుతుంది. కిటికీ కింద ఒక బల్ల ఉంది. బల్ల కింద సొరుగులు లేవు, కుర్చీ చక్రాలతో సహా దూరేంత ఖాళీ ఉంది. బల్ల మీద ఒక డబ్బా, డబ్బా నిండా బ్రష్షులు. వంటింటి వైపు గోడ మీద ఏమీ లేదు, తెల్లగా ఉంది.

ఇంతే. గీయి.

నీ
కస్సుబుస్సు

తాజా కలం: ఒట్టు గట్టున పెట్టి ముందే తిప్పావని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను. ఇది పుస్తకంలో బొమ్మ కాదు. నేను ఈ ఉత్తరం రాస్తున్న గది. మేడ మీద గది ఖాళీ చేసి వారమైంది. వాలు దారి పోయిస్తుంటే ఇంటావిడ, ఇది ఇల్లా లారీ షెడ్డా అని గొడవపడింది. మా అన్నయ్య కోసమని చెప్పాను. లోపలికి వెళ్లిపోయింది. ఇప్పుడు గ్యాసు సిలిండరు దాని మీదే దొర్లించుకుంటూ, మెట్లకంటే ఇదే హాయి, అంటోంది. కమ్మీలు మా ఫ్యాక్టరీ వెల్డరన్న చేశాడు. నా బరువంతా వేసి వేలాడి చూశాను, కదల్లేదు. రెండో మంచాన్ని గోడకి ఎందుకు ఆనించలేదో నీకు విడిగా చెప్పాలా? ఎటు తిరిగి పడుకున్నా కిటికీయో నేనో కనబడతాం, గోడ మాత్రం దొరకదు. బస్తాలా మోయడానికి ఇక్కడ ఒక్క మెట్టు కూడా లేదు, ఇంకో వంక వెతుక్కో.

బొమ్మలో మనిషి లేడు. లేనిది రాయకూడదు కాబట్టి నేను రాయలేదు. ఆ వాలు దారి మీద చక్రాల కుర్చీలో ఒకణ్ణి నువ్వే గీసి పంపు. పక్కన బాణం పెట్టడం మర్చిపోకు. లోపలికి చూసేలా పెట్టు.