భవానక్క పేరు మీద దరఖాస్తు

జూన్ 30, సోమవారం

ముందుగా క్షమాపణలు. ప్రభుత్వం వారికి, వారి సర్వర్లకు, ఆ సర్వర్లకు చెమట పట్టకుండా చూసుకునే ఏసీలకు అల్వాల్ వాసి, బీటెక్ పట్టభద్రుడు అభిరామ్ అనే నేను చేతులు జోడించి విన్నవించుకునేది ఏమనగా, ఈ రోజు తమరి నిద్రకు భంగం కలిగించాను. సమాచార హక్కు చట్టం కింద నాలుగు ప్రశ్నలు అడిగాను. ఇకముందు ఇలాంటి దేశద్రోహం చేయను. చేసినా చెప్పను.

కారణం భవానక్క. మా వెనక గల్లీ. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. చెల్లింపులకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు జీతం లేదు, గుడ్లకూ కూరగాయలకూ పెట్టుకున్న బిల్లు లేదు. స్క్రీన్ మీద మాత్రం పచ్చరంగులో సక్సెస్ అని ఉంటుంది. హెడ్మాస్టరు మధుసూదన్ సారు ఆ పచ్చరంగు చూపించి, పడ్డయి గదమ్మా అంటాడట. పడితే నా బ్యాంకుల ఉండాలె గద సార్, ఆ డబ్బాల ఉంటే నాకేం ఫాయిదా అన్నదట ఈమె. బ్యాంకు వాళ్లు బడికి పొమ్మన్నారు, బడి వాళ్లు విద్యాశాఖ ఆఫీసుకు. ఆఫీసు వాళ్లు, కంపెనీ వాళ్లు సరిచేయాలమ్మా అన్నారు. ఏ కంపెనీ అంటే, మాకు సుత తెల్వదన్నారు.

అదే అడిగాను. సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీది. ఒప్పందం కాపీ ఇవ్వండి. డబ్బు చేరకపోతే ఎవరు సరిచేయాలి. ఎన్ని రోజుల్లో. సికింద్రాబాద్ పోస్టాఫీసులో పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కొని జతచేశాను.

దరఖాస్తు భవానక్క పేరు మీద. నాదెందుకు తమ్మీ, నీ పేరే రాయరాదు అని జెర గునిసింది. బాధితులే అడగాలక్కా, చట్టం అట్లుంది అన్నాను. బీటెక్ చదివినోడు చెప్పిండు కదా అని సంతకం పెట్టింది.

జూలై 3

ఉద్యోగం ఏమైందిరా అని అమ్మ. సెలెక్ట్ అయ్యానమ్మా, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ నడుస్తోంది అన్నాను. నా బ్యాక్‌గ్రౌండ్‌లో ఒక సప్లీ, ఒక హెల్మెట్ చలాన్. చరిత్ర నన్ను క్షమించుగాక.

జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. భవానక్క బోనమెత్తింది. బియ్యం కిరాణా కొట్లో ఉద్దెర, డబ్బులు తర్వాత ఇస్తానని. అమ్మవారికి సుత ఉద్దెర పెట్టిన తమ్మీ అని నవ్వింది. నేనూ నవ్వాను. అది జోకు కాదని ఇంటికొచ్చాక తెలిసింది.

జూలై 19

ఆఫీసు నుంచి కాగితం. ఆమెకొచ్చింది, నా దగ్గరికి తెచ్చింది. ఒప్పందం మూడో పక్షానికి, అంటే ఆ కంపెనీకి, సంబంధించినది గనుక వారి అభిప్రాయం కోరామని ఉంది. కోరిన ఉత్తరం నకలు కూడా పెట్టారు. అందులో కంపెనీ పేరున్న చోట నల్ల స్కెచ్ పెన్నుతో పులిమేశారు. కింద జతపరచినవి: దరఖాస్తు. అంటే భవానక్క పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు అన్నీ కంపెనీకి వెళ్లాయి.

కంపెనీ పేరు చెప్పొచ్చా అని కంపెనీని అడిగారు. భవానక్క పేరు చెప్పొచ్చా అని భవానక్కను ఎవరూ అడగలేదు.

జూలై 22

ఎవరో భవానక్కకు ఫోన్ చేశాడట. మర్యాదస్తుడే, మేడమ్ అన్నాడు. మేడమ్, మీ వెనక ఎవరున్నారు అని అడిగాడట. నా వెనక గ్యాస్ బండ ఉన్నది సార్, పప్పు ఉడుకుతున్నది అన్నదట. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. మల్ల బడికి సుత ఫోన్ చేసిండంట తమ్మీ అన్నది.

జూలై 24

మధుసూదన్ సారు భవానక్కను పిలిపించాడు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు, నేను రిటైరయ్యే టైముల ఈ పరేషాన్ ఏందమ్మా అన్నాడట. ఎవరు రాసిచ్చిండ్రో చెప్పు, నిన్నేమనం అన్నాడట. నేనే రాసుకున్న సార్ అన్నదట. అయితే ఇక్కడ రాయి చూద్దాం అని ఒక తెల్ల కాగితం, పెన్ను ముందు పెట్టాడు.

భవానక్కకు సంతకం తప్ప రాదు. పిల్లల బెంచీ మీద ఆ కాగితం ముందు కూర్చుంది. భోజనం గంట కొట్టేదాకా కూర్చుంది. చివరికి సంతకం పెట్టి ఇచ్చేసి, వడ్డించడానికి వెళ్లింది.

నా పేరు చెప్పలేదు.

జూలై 28

వంట వేరేవాళ్లకు ఇచ్చారు.

ఆగస్టు 2

చూడటానికి వెళ్లాను. బడిలో వాడినవన్నీ ఆమె సొంత గిన్నెలేనట, ఆటోలో తెచ్చేసుకుంది. అన్నం వండే పెద్ద గంజు తలుపులోంచి పట్టక గల్లీలోనే బోర్లించి ఉంది. దాని మీద కుక్క పడుకుంది. జోకు వేద్దామనుకున్నాను. ఏదీ రాలేదు.

చాయ్ ఇచ్చింది. కొత్తోళ్లు ఉప్పు ఎక్కువేస్తున్నరంట, పోరగాళ్లు తింటలేరంట అన్నది. తర్వాత, మనం అడుగుడు తప్పా తమ్మీ అన్నది. తప్పు కాదక్కా, ఎవరైనా అడగొచ్చు అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె గమనించలేదు. గంజు మీది కుక్కను అదిలించడానికి లేచింది.

ఆగస్టు 6

జవాబు వచ్చింది. మూడో పక్షం అభ్యంతరం తెలిపినందున, వాణిజ్య రహస్యమైనందున సమాచారం ఇవ్వలేము. అప్పీలుకు పోవచ్చు. దరఖాస్తుదారే పోవాలి.

చదివి వినిపించాను. ఇగ నా పేరు యాడా రాయకు తమ్మీ అన్నది.

ఆగస్టు 11

ఆఫర్ లెటర్ వచ్చింది. వెరిఫికేషన్ క్లియర్. నా పేరు మీద ఎక్కడా ఏమీ లేదని తేలిందట. అమ్మ గల్లీ అంతా లడ్డూలు పంచింది. భవానక్క రెండు తీసుకుంది.

బాధితులే అడగాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఆమెతో సంతకం పెట్టించిన రోజు కూడా నాకు తెలుసు.