ముసలాడికి కొత్త చిప్పు

నాన్నకి,

కోపం ఎంతున్నా ప్రేమ తగ్గని నీ కూతురు రాస్తున్నది. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. నోటితో చెబితే సగంలోనే రేడియో పెంచేస్తావు. అందుకే దీన్ని నీ కళ్లజోడు డబ్బా కింద పెడుతున్నాను.

ముసలాడిని విప్పేశాను. అవును, నీ బొమ్మరైలు ఇంజనునే. అమ్మకంటే ముందు నుంచీ ఈ ఇంట్లో ఉన్నవాడిని, "ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అని నువ్వు కాపలా కాసేవాడిని. చేతులు రెండూ బాగానే ఉన్నాయి.

రోజంతా సెల్‌ఫోన్లు బాగుచేసే చేతులు నాన్నా ఇవి. నువ్వు గడియారాల డాక్టరువైతే నేనూ ఏదో ఒక డాక్టరునే. ముసలాడి మోటారుకు కరెంటు అందించే రెండు కొసల్లో ఒకటి నేరుగా ఇనుప ఒంటికే తగిలి ఉంది. అలాగే ఉంచి, రిమోటు మాట వినే చిప్పు వాడిలో పెడితే అది మాడిపోతుంది. అందుకని మధ్యలో పల్చటి ప్లాస్టిక్ ముక్క పెట్టి విడదీశాను. చోటు చాలక లోపల బరువు కోసం పెట్టిన సీసం దిమ్మను ఆకురాయితో అరగదీశాను. ఈ మాట దగ్గర నువ్వు కుర్చీలోంచి లేస్తావని తెలుసు. కూర్చో.

ఎందుకు చేశానో చెప్తాను. మేడ మీది గదిలో మన రైలుకు ఒకటే రెగ్యులేటరు, అది నీ చేతిలో. తిప్పితే పట్టాల్లో కరెంటు పారుతుంది, పట్టాల మీదున్న ఇంజన్లన్నీ కదులుతాయి. అందుకే ముసలాడు తిరిగినంతసేపూ నా చిన్న ఇంజను బుడంకాయను పక్క పట్టా మీదికి తోసి, అక్కడ కరెంటు ఆపేసేవాడివి. నా చేతికి పచ్చజెండా ఇచ్చేవాడివి. చిన్నప్పుడు అదే గొప్ప ఉద్యోగమనుకున్నాను. ముప్పై దాటాక కూడా అదే ఉద్యోగమైతే ఎలా? పోయిన ఆదివారం నేను రెగ్యులేటరు అడిగితే, నీ స్నేహితులందరి ముందూ "దానికి జెండా చాల్లే" అన్నావు. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కిందికొచ్చి వంటింట్లో ఏడ్చాను.

చిప్పు ఉంటే పట్టా ఒకటే అయినా ఏ ఇంజను దారి దానిది. రిమోట్లు కూడా రెండు తెచ్చాను. బుడంకాయకూ ఒక చిప్పు పెట్టాను. ఒక్కోదాన్నీ విడిగా నడిపి చూస్తే రెండూ బంగారంలా నడిచాయి. ఈ ఆదివారం అందరి ముందూ నడుపుతాను. నువ్వొచ్చి నీ రిమోటు పట్టుకుంటే సంతోషం. రాకపోతే బుడంకాయను తీసుకుని ఆ మెట్లు దిగుతాను, మళ్లీ ఎక్కను. అమ్మను మధ్యలోకి లాగకు. తండ్రీకూతుళ్ల మధ్య సిగ్నలు స్తంభంలా నిలబడనని ముందే చెప్పేసింది.

నీ మొండిఘటం

*

నాన్నా,

చూశావుగా, పరువు పోయింది. ముసలాడి కోసం రిమోటు నొక్కగానే, పక్క పట్టా మీది బుడంకాయ నేనూ వస్తానంటూ బయలుదేరి వాడి డొక్కలో పొడిచింది. నీ స్నేహితుల్లో దర్జీ బాబాయి అయితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఇంత చేసి మళ్లీ ఇద్దరికీ ఒకటే రెగ్యులేటరా అమ్మాయ్!" అన్నాడు.

ఎక్కడ తప్పిందో నాకింకా తెలియలేదు. చిప్పు మాత్రం తియ్యను. నడిపేవాళ్లకే గుద్దుకుంటాయన్న భయం ఉంటుంది, జెండా ఊపేవాళ్లకేం? నాకు ఆ భయమే కావాలి.

నువ్వు మెట్ల దాకా వచ్చావు, గదిలోకి రాలేదు. అంతా చూసి, ఒక్క మాట కూడా అనకుండా దిగిపోయావు. తిట్టినా బాగుండేది. బుడంకాయను డబ్బాలో సర్దాను, రేపు నా కొట్టుకు తీసుకెళ్తాను. ముసలాడు నీ బల్ల మీద ఉన్నాడు, చిప్పుతోనే.

నీ కూతురు

*

మొండిఘటానికి,

ఈ కాగితం నీ డబ్బా మీదే పెడుతున్నాను. మోసుకెళ్లేముందు మూత తీసి చూసుకో. ఖాళీ.

నిన్న నేను నోరెత్తకపోవడానికి కారణం కోపం కాదు, నవ్వు. అక్కడే ఉంటే ఈసారీ అందరితో కలిసి నవ్వేవాణ్ణి. అందుకే దిగిపోయాను. చిప్పుతో వచ్చిన కాగితాన్ని వాచీల భూతద్దం పెట్టుకుని చదివాను. కొత్త చిప్పులన్నీ మూడో నంబరుతోనే వస్తాయట, మార్చుకోవలసింది మనమేనట. నువ్వు రెండింటికీ మూడే ఉంచేశావు. ఇక రిమోటు మూడని పిలిస్తే రెండూ పలకవూ? కొట్టులో ఇద్దరి వాచీలకు ఒకే చీటీ కడతామా తల్లీ?

అడక్కుండా విప్పినందుకు కోపం ఉంది, ఉంటుంది. సీసం దిమ్మను నేనైతే ఇంకో రవ్వ తక్కువ అరగదీసేవాణ్ణి. కానీ ఆ ప్లాస్టిక్ ముక్క కోసిన తీరు చూస్తే నా చెయ్యే అనిపించింది. "జెండా చాల్లే" అన్న నోటితో ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

ముసలాడికి మూడే ఉండనీ, ఈ వయసులో వాడు మారడు. బుడంకాయకు నీ ఇష్టమొచ్చిన నంబరు ఇచ్చుకో. దాన్ని పెద్ద పట్టా మీద నిలబెట్టాను. ముసలాడు పక్క పట్టా మీదున్నాడు. ముందు నీ బండి కదలాలి.

నీ పాత జెండా రంగు వెలిసిపోయింది. దర్జీ బాబాయి చేత కొత్తది కుట్టిస్తాను, నా చేతికి సరిపోయే కొలతతో. ఊపడం నాకు రాదు. వచ్చి నేర్పు.

నాన్న