ఇల్లుబండి

ఏప్రిల్ 21

పుట్టపర్తి ఆసుపత్రి నుంచి వచ్చాం. ఆయన మతిమరుపు వయసుది కాదు, జబ్బట. పెరగడమే గాని తగ్గేది కాదట. డాక్టరమ్మ ఆయన్ను బయట కూర్చోబెట్టి నాకొక్కదానికే చెప్పింది, ఇకమీదట స్టీరింగ్ ముట్టనీయొద్దని.

ముప్పై ఏడేళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. ఆ మాట ఏ నోటితో చెప్పను?

తిరుగు బస్సులో ఆయన డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని, ఆయప్ప క్లచ్ మీది నుంచి కాలే తీయడంల్యా అని విసుక్కున్నాడు. నిజంగానే తీయలేదు.

ఏప్రిల్ 24

చెప్పలేదు.

ఏప్రిల్ 27

ఉదయం నుంచి వ్యాను కడుగుతున్నాడు. రిటైరయ్యాక కొన్న పాత ట్రావెలర్. సీట్లు పీకి బెర్తులు వేశాడు. గ్యాస్ స్టవ్, నీళ్ల డ్రమ్ము, నా దేవుడి పటాలకు ఒక చిన్న గూడు. హిందూపురంలో మా వీధివాళ్లు ఇల్లుబండి అంటారు. రెండేళ్లలో ఇద్దరం దాంట్లో శ్రీశైలం, గోకర్ణం, ధర్మస్థల తిరిగొచ్చాం. ఆయన నడుపుతుంటే పక్కన కూర్చుని జపం చేసుకునేదాన్ని. అంతకుమించిన సుఖం నాకు తెలియదు.

మే 9కి మా పెళ్లయి ముప్పై ఐదేళ్లు. తమ్ముణ్ణీ చెల్లెల్నీ ఎక్కించుకుని మూడు రోజులు పోదామని జనవరిలో అన్నాడు. నిన్న తిన్నది గుర్తులేదు గాని అది గుర్తుంది.

మే 2, ఉదయం 5

ఈ ఒక్క ట్రిప్పు దాటించు స్వామీ, తర్వాత తాళం నేనే తీసి నీ దగ్గర పెడతాను అని మొక్కుకున్నాను. తెలిసిన దారే కదా. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. పదకొండేళ్లు ఆయన నడిపిన రూటు.

మే 8

చెల్లెలు ఉమ ధర్మవరం నుంచి రైల్లో వచ్చింది. అమ్మ పోయినప్పుడు దానికి ఆరేళ్లు. మాకు పిల్లలు లేరు, జడ వేసి పెంచింది దాన్నే. ఇప్పుడు మగ్గం మీద దాని చెయ్యి ఆడితేనే ఆ ఇల్లు గడిచేది. నాకోసం పట్టుచీర నేస్తోందట. ఇంకా మూరెడు ఉండాది, రేపు మా ఇంటికి చేరినాక నీ ముందరే ముగించి కోసిస్తా, రంగు మాత్రం అడగొద్దక్కా అంది.

తమ్ముడు చంద్రమోహన్, మరదలు గౌరి కూడా వచ్చారు. బావ డ్రైవరు, అక్క దేవుడి పటం, మేం లగేజీ అని వాడు నవ్వించాడు. ఆయన కూడా నవ్వాడు. ఇప్పుడు ఎలా చెప్పడం?

మే 9, సాయంత్రం 6

ఉమ కుడి చెయ్యి విరిగింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

మే 10

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

సోమందేపల్లిలో బస్టాపు దగ్గర ఆయన వ్యాను ఆపాడు. ఎవరూ ఆపమనలేదు. తలుపు తెరిచి కూర్చున్నాడు. పూలబుట్టతో ఒక అవ్వ ఎక్కింది. స్టవ్వు చూసి, ఏమప్పా, బస్సుల్లో పొయ్యిలు గూడా పెట్నారా అంది. ఆయన నవ్వకుండా, టికెట్టు కండక్టరిస్తాడు, లోపలికి జరగమ్మా అన్నాడు. చంద్రమోహన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. బావా, సీనియర్ సిటిజన్ కన్సెషన్ ఇయ్యి అన్నాడు. గౌరి దించేద్దామంటే అవ్వ, ఎక్కినోళ్లను దించే బస్సు యాడన్నా ఉండాదా అని బుట్ట ఒళ్లో పెట్టుకుంది. పెనుకొండ దాకా తీసుకెళ్లాం. దిగేటప్పుడు ఉమకు మూర కనకాంబరాలు ఇచ్చింది.

అందరికీ అది బావ ఆడిన ఆట. ఆట కాదని నాకొక్కదానికే తెలుసు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. తాళం నా చేతికందేంత దూరంలోనే ఉంది. జపం చేసుకుంటూ కూర్చున్నాను.

పెనుకొండ కోట దగ్గర చెట్ల కింద చిత్రాన్నం తిన్నాం. మేం ఎక్కేశాం. ఉమ గిన్నెలు కడుక్కుని చివర్లో వచ్చింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. చంద్రమోహన్ ముందు సీట్లో ఉన్నాడు, దాన్ని చూడలేదు. పొద్దుటి ఆట మనసులో ఉంది కాబోలు, డోరు మీద రెండు దెబ్బలు కొట్టి, రైట్ రైట్ అన్నాడు.

ఆయన వెనక్కి చూడలేదు. బండి కదిలింది.

మే 11

ఆపరేషన్ అయింది. రాడ్ వేశారు. ఎముక అతుకుతుంది గాని వేళ్ల పట్టు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఉమ కళ్లు తెరిచి మొదట అడిగింది, బావకేం కాలేదు కదా అని.

మే 12

కిరాయి డ్రైవరును పెట్టుకుని హిందూపురం వచ్చేశాం. వ్యాను తాళం దేవుడి దగ్గర పెట్టాను. మొక్కు తీరింది.

మే 13

ఉమకు ఎట్లా తగిలింది అని ఆయన ఈ రోజు నాలుగుసార్లు అడిగాడు. మెట్టు జారింది అన్నాను, నాలుగుసార్లూ.

మే 14

గౌరి ఫోన్ చేసింది. చంద్రమోహన్ అన్నం ముట్టడం లేదట. వదినా, ఆ పాడు మాట నేననకుంటే ఉమ చెయ్యి బాగుండు కదా అని రాత్రీ పగలూ అదే అంటాండాడు, మీరన్నా చెప్పండి అంది.

చెబుతాలే అన్నాను. ఆ ఫోన్లోనే చెప్పి ఉంటే సరిపోయేది.

మే 16

ధర్మవరం పోయాను, రైల్లో. చంద్రమోహన్‌ను అక్కడికే రమ్మన్నాను. ఇద్దరికీ ఎదురుగా చెప్పాను. డాక్టరమ్మ మాట, నా మొక్కు, రెండూ చెప్పాను, తేదీలతో సహా.

చంద్రమోహన్ లేచి బయటికి పోయాడు. వాడు నా మాటకు ఎదురు మాట్లాడి ఎరగడు. వాకిట్లో నుంచే అరిచాడు, నువ్వు దేవునికి చెప్పినావు, మాకు చెప్పల్యా అక్కా.

మగ్గం మీద నా చీర ఉంది. వంకాయ రంగు, జరీ అంచు. మూరెడు మిగిలే ఉంది. ఉమ కట్టుచెయ్యి ఒళ్లో ఉంది. కోపం లేకుండానే, నాతో చెప్పింటే బావను సంతోషపెట్టేదానికి ఆ బండి పక్కన ఫొటో దిగి, రైల్లో వస్తాంటి కదక్కా అంది.

కాళ్లు పట్టుకోబోయాను. వద్దక్కా, నాకు జడేసిన చెయ్యి అంది. ముఖం మాత్రం అటు తిప్పుకుంది.

మే 19

ఉమ ఫోన్ ఎత్తలేదు.

మే 22

హనుమజ్జయంతి. గుడికి పోయాను. అడగడానికి ఏమీ తోచలేదు. ప్రదక్షిణ చేసి వచ్చాను.

మే 30

చీర వచ్చింది, ఉమ ఇంటాయన రాఘవేంద్ర చేత. మిగిలిన మూరెడు ఆయనే నేశాడట. కాఫీ కూడా తాగకుండా పోయాడు. ఉమ ఏమైనా చెప్పిందా అని అడిగాను. వేళ్లు రెండు కదులుతాండాయి అన్నాడు.

చీర పూర్తిగా విప్పి చూశాను. ఎక్కడ చెయ్యి మారిందో తెలుస్తుంది. అంతవరకు నేత బిగువుగా ఉంది. ఆ తర్వాత కాస్త వదులు.

జూన్ 3, ఉదయం 6

వాకిట్లో వ్యాను తలుపు తెరిచి ఉంది. ఖాకీ చొక్కా వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తాళం లేదని గమనించలేదు. అద్దంలో నన్ను చూసి, రైట్ చెప్పల్లా, టైమైతాంది అన్నాడు.

ఎక్కి, వెనక నిలబడ్డాను.

హోల్డాన్ అన్నాను.

కదలని బండికి బ్రేకు తొక్కాడు.