తేనెపెట్టెలో ఇన్‌స్పెక్టరు

మార్చి 2, సోమవారం

ఈరోజు నుంచి చదువుతాను. ఒట్టు.

కారణం నిన్నటి అవమానం. మా తోడికోడలు నిన్న వచ్చింది. బావగారి భార్య, ఆఫీసులో ఉద్యోగం, మాట గలగల. భోజనాల దగ్గర అందరి ముందూ అడిగింది. "ఇంటినిండా పుస్తకాలే కదా, నువ్వేం చదువుతుంటావే?"

నాకు నలుగురిలో నోరు పెగలదు. పెగిలిందంటే నిజం వచ్చేస్తుంది.

"పేజీ నంబర్లు అక్కయ్యా" అన్నాను.

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. ఆయన సంగతి తర్వాత చూస్తాను.

నేనన్నది అబద్ధమేం కాదు. మాది బైండింగు ఇల్లు. ముందు గది షాపు, వెనక రెండు గదులు మేము. లైబ్రరీ నుంచి చిరిగిన పుస్తకాలు బస్తాల్లో వస్తాయి. మా ఆయన పాత అట్ట ఊడదీసి కుట్లు విప్పుతారు. అప్పుడు పుస్తకం పదహారేసి పేజీల మడతలుగా విడిపోతుంది. ఒక్కో మడతను ఫారం అంటాం. నేను చిరుగులు అతికి, ఫారాలను నంబర్ల వరసలో పేరుస్తాను. మామయ్యగారు నంబర్లు మరోసారి చూసుకుని కుడతారు. ఇన్నాళ్ళలో నా చేతుల మీదుగా వెళ్ళిన పుస్తకాలకు లెక్కలేదు. వాటిలో ఏముందో చెప్పమంటే మాత్రం, ఒకటి నుంచి నూట అరవై దాకా ఉందని చెబుతాను.

ఆరో తరగతితో బడి మానేశాను. అక్షరాలు మాత్రం నన్ను మానలేదు.

నిర్ణయం: లైబ్రరీవాళ్ళు ప్రతి పుస్తకానికీ అదేం రకమో చీటీ అంటిస్తారు. రకానికొకటి చదవాలి. నవల, చరిత్ర, కవిత్వం, ప్రయాణాలు, సైన్సు, ఏదొస్తే అది. నెలాఖరుకు అక్కయ్య మళ్ళీ వస్తుంది. అప్పటికి నా నోట్లో అంకెలు కాక ఇంకేదైనా ఉండాలి.

ఒక్కటే చిక్కు. పనిలో ఉన్న పుస్తకం చదవకూడదని మామయ్యగారి కట్టడి. "చదివే చెయ్యి కుట్టదు" అంటారు. జీవితమంతా పుస్తకాలు కుట్టి ఒక్కటీ చదవలేదట. ఒక్క ఫారమూ తప్పలేదట. ఆయనతో నేను మాట్లాడే మాటలు మూడే: టీ, నీళ్ళు, భోజనం. అందుకని వాదించలేదు. ఆయన, అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీస్తారు. మా ఆయన అట్టల కోసం బయటికి వెళతారు. ఆ కాసేపూ నాది.

మార్చి 3, మంగళవారం

అత్తయ్య గురక మొదలు. నా చదువు మొదలు.

రకం: వ్యక్తిత్వ వికాసం. గొప్పవాళ్ళు కావాలంటే పొద్దున్నే ఐదింటికి లేవమన్నాడు. నేను నాలుగున్నరకే లేస్తాను. నాకంటే అరగంట వెనకబడిన మనిషి నాకేం నేర్పుతాడు? అయినా మర్యాదగా సగం చదివాను. ఒక రకం పూర్తి!

మార్చి 5, గురువారం

కవిత్వం. మాట మాటకూ వరస విరగ్గొట్టి సగం కాగితం ఖాళీగా వదిలేశాడు. కాగితం రేటు తెలియని మనిషి. కానీ ఒకచోట, తలుపు మూసినా పోని వాసన గురించి రాశాడు. వంటగదిలోకి వెళ్ళినా ఆ రెండు వరసలు వెంటపడ్డాయి. పప్పు మాడింది. కవిత్వాన్ని అనుమానించాల్సిన అవసరం ఉంది.

చరిత్ర కూడా అయ్యింది. అన్నదమ్ముల ఆస్తి తగాదా, గుర్రాల మీద.

మార్చి 7, శనివారం

ప్రయాణాలు. పదకొండు దేశాలు తిరిగాడు. అన్నిచోట్లా పడక గట్టిగా ఉందంటాడు, తిండి బాలేదంటాడు. ఇంటి పట్టున ఉండొచ్చు కదా నాయనా.

మూడు ఫారాలు చదివాక మిగతావి ఊహించుకున్నాను. ఊహించుకున్నా చదివినట్టే. కొత్త నియమం.

మార్చి 10, మంగళవారం

ఇన్నాళ్ళూ ఎవరూ నాకెందుకు చెప్పలేదు!

హత్యల నవల దొరికింది. పెద్ద ఇల్లు, ఇంటినిండా బంధువులు, తెల్లారేసరికి యజమాని శవం. ప్రతివాడికీ చంపాలని ఉంది. మన ఇళ్ళలాగే.

మనసు పక్కకి పోకూడదని దానితోపాటు ఇంకో రకం కూడా పెట్టుకున్నాను: తేనెటీగల పెంపకం. అదీ బాగుంది. పనంతా ఆడవే చేస్తాయట. మగవి తిని తిరుగుతాయి, చలి రాగానే ఆడవి వాటిని బయటికి నెట్టేస్తాయట. ఇది మా ఆయనకు చదివి వినిపించాలి.

ఒక ఫారం హత్య, ఒక ఫారం తేనె. రెండు పుస్తకాలూ ఒకే సైజు, ఒకే పసుపు రంగు కాగితం. పక్కపక్కనే దొంతరలు పెట్టుకుంటే చేతికి తేలిక.

మార్చి 12, గురువారం

ఘోరం తప్పింది. ఇన్‌స్పెక్టరు అందర్నీ హాల్లోకి పిలిచి తలుపులు మూయించాడు. అప్పుడే అత్తయ్య గురక ఆగింది. గురక ఆగడమంటే ఏమిటో ఈ ఇంట్లో నాకే తెలుసు. అప్పుడే ఒళ్ళోకి తీసుకున్న రెండు ఫారాలూ దొంతరల్లోకి తోసేసి, చేటలో బియ్యం ఏరుతున్నట్టు కూర్చున్నాను.

"బియ్యం నిన్న ఏరావు కదమ్మా" అన్నారు అత్తయ్య.

సాయంత్రం వెళ్ళి చూస్తే మామయ్యగారు రెండు పుస్తకాలూ కుట్టేసి, జిగురు పెట్టి, ప్రెస్సులో బిగించేశారు. చంపిందెవరో తెలియకుండానే పోయాడు ఇన్‌స్పెక్టరు.

మార్చి 16, సోమవారం

చదవలేదు. శుక్రవారం బస్తా లైబ్రరీకి వెళ్ళిపోయింది, కొత్త బస్తా రాలేదు. విడిగా వచ్చినవల్లా రెండు లెక్కల పుస్తకాలు. లెక్కలు రకం కింద రావు. కొత్త నియమం.

మార్చి 19, గురువారం

లైబ్రరీ మేడం స్వయంగా వచ్చారు. చేతిలో రెండు పుస్తకాలు. చూడగానే గుర్తుపట్టాను: హత్య, తేనె.

మేడం నవల తెరిచి పైకి చదివారు. "ఇన్‌స్పెక్టరు తలుపులు మూయించాడు, బంధువులందరి మొహాలూ ఒకసారి చూసి, మెల్లగా అన్నాడు." పేజీ తిప్పారు. "ముందు పొగ పట్టండి. కోపం చల్లారాక ముసలి రాణిని నలిపేసి కొత్త రాణిని పెట్టండి."

తర్వాత తేనెటీగల పుస్తకం. "పెట్టె మూత తీసేముందు చెవిపెట్టి వినండి. లోపల చప్పుడు లేకపోతే..." పేజీ తిప్పారు. "శవం పక్కన చిన్నకోడలి గాజు ముక్క దొరికింది."

అత్తయ్య ఎందుకో నా చేతుల వైపు చూశారు.

పాపం, ఒక రిటైరైన హెడ్మాస్టరు తేనెటీగలు పెంచుదామని ఆ పుస్తకం తీసుకెళ్ళారట. ఇప్పుడు పెట్టె దగ్గరికి వెళ్ళడానికి భయపడుతున్నారట. నవల తీసుకెళ్ళినాయన మాత్రం, ఈ రచయిత చాలా కొత్తగా రాశాడని మెచ్చుకుని తిరిగిచ్చాడట.

నవ్వొచ్చే విషయమే. ఎవరూ నవ్వలేదు. మామయ్యగారు పుస్తకం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని నంబర్లు చూశారు. దూరంగా పెట్టుకుని చూశారు. నంబర్లు సరిగ్గానే ఉన్నాయి. ఆయనకు అర్థం కాలేదు.

మా ఆయన మెల్లగా అన్నారు. "నాన్నా, కళ్ళు అలిసిపోయాయి. ఇక చాలు. రేపట్నుంచి కుట్టు నేను చూసుకుంటాను."

ఏడాదిగా ఆ మాట ఈ ఇంట్లో పిల్లిలా తిరుగుతోంది. ఇప్పుడు దానికి పాలు పోసింది నేను.

మామయ్యగారు సూదిని మైనంలో గుచ్చి, ముక్కాలిపీట మీంచి లేచారు. వరండాలోకి వెళ్ళిపోయారు.

మార్చి 20, శుక్రవారం

ఆలోచించగా తేలినవి:

పెద్దవాళ్ళకు విశ్రాంతి మంచిది.

నేను చెప్పినా ఎవరు నమ్ముతారు.

చెప్పాలంటే ముందు నోరు పెగలాలి. మూడు మాటల మనిషికి నాలుగో మాట ఇదా?

అసలు తప్పు లైబ్రరీది. రెండు పుస్తకాలు ఒకే సైజులో ఎందుకు కొనాలి?

ఇక జన్మలో పుస్తకం ముట్టను. అతకడానికి తప్ప.

మార్చి 22, ఆదివారం

మామయ్యగారు వరండాలో కూర్చుంటున్నారు. టీ ఇస్తే తాగుతున్నారు. తువ్వాలు అంచు నుంచి ఒక్కో పోగూ లాగి, వేళ్ళతో ముడి వేసి, విప్పి, మళ్ళీ వేస్తున్నారు. తువ్వాలు సగమైంది.

లోపల ముక్కాలిపీట మీద మా ఆయన. ఆయన కుట్టిన పుస్తకం తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. అత్తయ్య ఆ పుస్తకాన్నీ వరండానీ మార్చి మార్చి చూసి, ఈ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు ఉండి ఒక్క సూది కూడా సరిగ్గా నడవడం లేదన్నారు. చెప్పి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అత్తయ్య ఏడవడం నేను చూడటం ఇదే మొదలు.

రాత్రి అన్నం సయించలేదు. గాజు ముక్క చిన్నకోడలిదే.

మార్చి 23, సోమవారం

పొద్దున లేచాక ఎవరికీ చెప్పలేదు. చెబితే ధైర్యం ఆవిరైపోతుంది. మేడం వదిలి వెళ్ళిన ఆ రెండు పుస్తకాలూ, కోసే కత్తీ తీసుకుని వరండాలోకి వెళ్ళాను. మామయ్యగారి ముందు కూర్చుని రెండింటి అట్టలూ ఊడదీసి కుట్లు కోసేశాను.

"దీనికేం పట్టిందిరా" అని అత్తయ్య లోపల్నుంచి వచ్చారు. మా ఆయన వెనకే వచ్చారు.

దీంట్లోంచి ఏడో ఫారం తీసి దాంట్లో, దాంట్లోంచి ఏడో ఫారం తీసి దీంట్లో పెట్టాను. అప్పటికీ నోరు పెగలలేదు. చేతులు ఆగాక పెగిలింది.

"మీ కళ్ళు కాదు మామయ్యగారూ. రెండూ ఒక్కసారే చదువుతూ నేనే అటూఇటూ పెట్టాను."

"చదువుతూనా? ఎప్పుడు?" అన్నారు అత్తయ్య.

"మీరు నిద్రపోయేటప్పుడు."

"నేనెప్పుడు నిద్రపోయాను?"

ఆ చర్చ తర్వాతికి వాయిదా పడింది. మామయ్యగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూశారు. దీంట్లో తొంభై ఏడు నుంచి నూట పన్నెండు. దాంట్లోనూ తొంభై ఏడు నుంచి నూట పన్నెండు.

"అందుకా" అన్నారు.

అంతే. తిట్టలేదు. లేచి షాపులోకి నడిచారు. ముక్కాలిపీట దగ్గరే ఉన్న జిగురు గిన్నె మా ఆయన గబగబా పక్కకు తీశారు. మైనంలోంచి సూది వచ్చింది. మొదటి ప్రయత్నంలోనే దారం ఎక్కింది.

నేను పక్కన నిలబడి ఒక్కో ఫారం అందించాను. ఏడోది అందుకుని మామయ్యగారు ఆగారు.

"ఇంతకీ చంపిందెవరు?"

నా చెవుల మీద నాకు నమ్మకం కుదరలేదు. మా ఆయనకూ కుదరలేదు.

"తెలీదు మామయ్యగారూ. ఇంతవరకే చదివాను. తర్వాతవి మీరు కుట్టేశారు."

ఆయన మిగిలిన మూడు ఫారాలూ కుట్టారు. ముడి వేసి, దారం కొరికి, అట్ట లేని పుస్తకాన్ని నా చేతిలో పెట్టారు.

"కుట్టింది చదువు. కుట్టాక కాగితం ఎక్కడికీ పోదు. పైకి చదువు, నాకూ వినబడాలి."

పైకి. నలుగురి ముందు. మొదటి పేజీలో నా గొంతు నాకే వినబడలేదు. రెండో పేజీలో అత్తయ్య "గట్టిగా" అన్నారు. నాలుగో పేజీకి ఎవరి పనీ సాగడం లేదు. చంపింది కోడలేనని అత్తయ్య మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు.

చంపింది అత్తగారు.

అత్తయ్య ఆ రచయిత మీద అలిగి సాయంత్రం టీ కూడా తాగలేదు.

మార్చి 24, మంగళవారం

ఈరోజు నుంచి చదువుతాను. ఈసారి గట్టి ఒట్టు.

నియమాలు: కుట్టిన తర్వాత, అట్ట వేసే ముందు. ఒకసారి ఒకటే. బియ్యం ఏరక్కర్లేదు.

కొత్త బస్తా వచ్చింది. మామయ్యగారికి హత్యలే కావాలి. అత్తయ్య, కోడళ్ళు చంపేవి ఉంటే చూడమన్నారు. మా ఆయనకు తేనెటీగల మగవాళ్ళ సంగతి వినిపించాను. ఇంకా మాట్లాడటం లేదు. నేను మాత్రం రకానికొకటి. కవిత్వం మళ్ళీ మొదట్నుంచి, పొయ్యి ఆర్పేసి.

ఆదివారం అక్కయ్య వస్తోంది. ఏం చదువుతున్నావని తప్పకుండా అడగాలి. ఈసారి పేజీ నంబరుతో సహా చెబుతాను.