ఫ్రిజ్ నా కార్డు మీదే కొనాలి

సోమక్కా,

ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెట్టి నవ్వుతాడని మణుగూరు నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు ఫ్రిజ్ కొంటున్నారట. నగదు కట్టొద్దు. ఆదివారం నేనే ఖమ్మం వచ్చి నా కార్డు గీకుతాను, డబ్బు నాకివ్వండి. ఈ కార్డుతో ఏం కొన్నా విమానం వాళ్లు కొన్ని మైళ్లు ఇస్తారు. అవి కూడితే టికెట్టు ఉత్తగనే వస్తుంది. అందుకే మా క్వార్టర్లలో ఎవరేం కొన్నా నా కార్డు మీదే. రవీందర్ బండి టైర్లు, ఎర్రమ్మ మనవరాలి పెళ్లి చీరలు కూడా.

"మా చీరల మీద విమానం ఎక్కుతవా, పిల్లా?" అని ఎర్రమ్మ అడిగింది.

"అవ్, టైర్లు గూడ ఉన్నయిగా" అన్నాను.

హైదరాబాద్ నుంచి విశాఖకు రెండు టికెట్లు రావాలంటే ఇక మీ ఫ్రిజ్ ఒక్కటే తక్కువ. రెండోది తనదేనని మా ఆయన సంబరపడుతున్నాడు. ఇంకా చెప్పలేదు.

చేలో మిరపకాయలు ఏరుతూ విమానం చప్పుడు వినపడగానే, కొంగు నుదుటికి అడ్డం పెట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా నిలబడతావు కదా. బావ నవ్వుతున్నా కదలవు.

ఆ రెండో టికెట్టు నీది. ఆధార్ జిరాక్స్ తీసి ఉంచు.

ఆ రోజు చేలో నిలబడి పైకి చూడాల్సింది బావే.

నీ చెల్లెలు