కృతజ్ఞత అంటే అలిగేవాళ్ళు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మరమగ్గాల పనికి మనవాళ్ళు వలసొచ్చిన ఈ గోడాదరాలో మన సాంచాల సామాను దుకాణం మూతపడలేదు. రాజమల్లు మామ తన గిరాకీని అమ్మ దగ్గరికి పంపాడు. పక్క దుకాణం భరత్ కాకా ఏ సరుకు ఎక్కడ కొనాలో అమ్మకు నేర్పాడు. అందుకే ఇద్దరినీ చాయ్‌కి పిలిచి, శ్రద్ధగా రాసుకున్నది చదవబోయాను. ‘కృతజ్ఞత’ అంటే చేసిన మేలు ఎరిగి ఉండటమని ఈమధ్యే తెలిసింది. ఆ మాటతోనే మొదలుపెట్టాను.

“ఏంది బిడ్డా గిది? మేమేమన్న బయటోళ్ళమా?” అని మామ అలిగాడు.

“క్యా బోలీ?” అని మామను అడిగాడు కాకా.

“హమ్‌కో థాంక్స్ బోల్తీ హై!” అన్నాడు మామ.

“థాంక్స్? కల్ సే మై నహీ ఆవూంగా!” కాకా చాయ్ పక్కకు నెట్టాడు.

ఎంత విసుగొచ్చిందో! నీ దోస్తులతో ఇదే తంటా. మేలు చేస్తారు, చేశారని మాత్రం అననివ్వరు. నిజంగానే ఇక రారేమోనని అమ్మ ముఖం పాలిపోయింది.

వెళ్తూ మామ గుమ్మంలో ఆగాడు. “రేపు కాలేజీ అయినంక మా దుకాణానికి రా. బోర్డు మీద తెలుగంత తప్పులే ఉన్నయ్, జర సరిచెయ్యి.”

“మేరే బోర్డ్ పే భీ తెలుగు లిఖ్నా,” అని తనకూ రాయమన్నాడు తెలుగు ముక్క రాని కాకా.

నన్ను ఒక్క మాట చెప్పనివ్వలేదు బాపూ. పని మాత్రం చెప్పారు.