రైలు కూత వినిపించని ఫోన్

శుక్రవారం, రాత్రి

ఈ ఏడు కూడా మా ఆయన ఫోన్ మార్చారు. "పోయినేటిదానికి ఏమైంది?" అంటే, "దీంట్ల చుట్టూ లొల్లి రాదే, మాట ఒక్కటే సాఫ్‌గ వినొస్తది" అన్నారు.

రోజూ సాయంత్రం ఆయన సికింద్రాబాద్ స్టేషన్ నుంచి ఫోన్ చేస్తే, గొంతు వెనక రైలు కూతలు, చాయ్ కేకలు వినిపించేవి. కూర కలుపుతూనే నేనూ కాసేపు ఆ ప్లాట్‌ఫాం మీద తిరిగి వచ్చేదాన్ని. ఇవాళ ఖాళీ గదిలోంచి మాట్లాడుతున్నట్టుంది.

"యాడున్నరు?" అన్నాను.

"స్టేషన్లనే. ఏందే, కొత్తగ అడుగుతున్నవ్?"

అప్పుడే స్టేషన్ పక్కనే ఉన్న మా చిలకలగూడ ఇంటి కిటికీలోంచి రైలు కూత వినిపించింది. ఫోన్లో మాత్రం రాలేదు.

ఇంటికొచ్చి, తిని, ఆయన నిద్రపోయారు. నిజమే, పెళ్లయ్యాక ఎప్పుడూ ఎక్కడున్నారని అడగలేదు. రేపు కూడా అడుగుతానేమో.